24 వోల్టుల లారీ: కొత్తది వేసినా ఎర్త్ వైపు బ్యాటరీ ఒక్కటే దిగిపోతోంది, కరెంటు యాడికి పోతోంది?

చీమకుర్తి లారీ:

అందరికీ నమస్కారం. నాది 12 టైర్ల బండి, 2018 మోడల్, బీఎస్-4. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. నేనే ఓనరు, నేనే డ్రైవరు. చీమకుర్తి రాయి ఎక్కువగా కృష్ణపట్నం పోర్టుకి తోలతా, అప్పుడప్పుడూ మద్రాసుకి. బ్యాటరీలు 130 ఏహెచ్‌వి (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) రెండు, ఎడం పక్క చాసిస్ మీద పెట్టెలో ఉంటాయి.

బండి రోజూ తిరుగుతున్నంత కాలం ఏ బాధా తెలీదు. పోర్టు కాడ క్యూలో మూడు నాలుగు రోజులు ఆగినా, క్వారీలో బ్లాకు రెడీ కాక నిలబడినా అప్పుడు మొదలవుద్ది. తాళం తిప్పితే సెల్ఫ్ ఒక్కసారి టక్కుమని ఆగిపోద్ది, డ్యాష్‌బోర్డులో లైట్లన్నీ ఆరిపోయి మళ్ళీ వెలుగుతాయి. తాళం తిప్పకముందు వోల్టు మీటరు చూస్తే 24 పైనే ఉంటది. పక్క లారీ నుంచి కేబుల్ వేస్తే వెంటనే అందుకుంటది.

ఒంగోలులో బ్యాటరీ షాపులో చూపిస్తే రెండిట్లో ఒకటి పోయింది అన్నారు, చాసిస్‌కి ఎర్త్ పోయే వైపుది. అదొక్కటే కొత్తది వేయించా. వానలు మొదలయ్యేసరికి ఆ కొత్తది కూడా అదే తీరు. సెల్ఫ్ వైపుది పాతదే, దాంట్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటది. కాకపోతే దానికి డిస్టిల్డ్ వాటర్ మాటిమాటికీ పోయాల్సొస్తోంది. ఎర్త్ వైపుదానికి నీళ్ళు తగ్గవు.

ఇంజన్ నడిచేటప్పుడు చార్జింగ్ 28 చూపిస్తది. చూపించిన కాడల్లా క్యాబిన్ వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేద్దాం అంటున్నారు. బండి ఫైనాన్స్‌లో ఉంది, ఒక్క కిరాయి పోయినా కంతు కాడ ఇబ్బంది. వైరింగ్ మీద చెయ్యి వేసే లోపు అసలు కరెంటు యాడ కారుతోందో పట్టుకునే దారి ఉంటే చెప్పండన్నా. మామూలు మల్టీమీటరు ఉంది, వాడటం కొద్దిగా వచ్చు.

కావలి డ్రైవర్:

బ్రదర్, ఎందుకింత హైరానా. బ్యాటరీ పెట్టె పక్కన కటాఫ్ స్విచ్ ఉంటది కదా, బండి ఆపంగానే అది తిప్పేసెయ్. నేను ముసునూరు టోల్‌గేటు దాటి ధాబాలో పడుకున్నా సరే, ఇంటి కాడ నిలబెట్టినా సరే, కటాఫ్ తిప్పకుండా దిగను. ఇంతవరకు బ్యాటరీ మొహం చూడలేదు.

చీమకుర్తి లారీ:

కటాఫ్ రాత్రిపూట తిప్పుతూనే ఉన్నా బ్రదర్. తిప్పినాక క్యాబిన్‌లో ఏ లైటూ వెలగదు, హారన్ కూడా మోగదు, అంటే స్విచ్ పని చేస్తోంది. అయినా దిగిపోతోంది. అదే నాకు అంతుపట్టనిది.

గూడూరు సిలికా బండి:

డైనమో చూడు. లోపల డయోడ్ ప్లేట్ ఉంటది (డయోడ్ అంటే కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది), అందులో ఒక డయోడ్ పోతే ఇంజన్ ఆపినాక బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి కారతది. మా చిల్లకూరు వైపు సిలికా బండ్లకి ఇది మామూలే, ఇసుక ధూళి లోపలికి పోతది. పొద్దున్నే ఇంజన్ స్టార్ట్ చేయకముందు డైనమో మీద చెయ్యి వేసి చూడు. రాత్రంతా ఆగిన బండి డైనమో చల్లగా ఉండాల. వెచ్చగా తగిలిందంటే డయోడ్ పోయినట్టే. నాకు అట్టానే దొరికింది.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

తమ్ముడూ, నేను నెల్లూరు ఆటోనగర్‌లో లారీ వైరింగ్ పనే చేస్తుండా. నువ్వు రాసిందాంట్లోనే సగం జవాబుండాది. వైరింగ్ పీకించబాక, ఇంకో బ్యాటరీ కొనబాక. ముందు నేను చెప్పేది నిదానంగా చదువు.

నీ బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సీరీస్‌లో ఉండాయి. సీరీస్ అంటే ఒకదాని ప్లస్, ఇంకోదాని మైనస్ లింకు పట్టీతో కలిపి 24 చేస్తారు. సెల్ఫ్ లాగినా, హెడ్‌లైట్లు లాగినా, గూడూరు తమ్ముడు చెప్పినట్టు డయోడ్ కారినా, ఆ కరెంటు రెండు బ్యాటరీల్లోంచీ సమానంగా పోవాల్సిందే. ఒకదాంట్లోంచి పోయి రెండోదాన్ని తాకకుండా ఉండే దారి లేదు. డయోడే పోయుంటే నీకు రెండూ కలిసి దిగుండేవి. డైనమో మీద చెయ్యి వేసి చూడమనడం మంచి సలహానే, ఖర్చు లేని పరీక్ష, చూడు. కానీ నీ కేసు అది కాదని నా నమ్మకం.

నీకు ఎర్త్ వైపుది ఒక్కటే దిగుతోంది. పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టినా ఆ చోటిదే దిగుతోంది. అంటే జబ్బు బ్యాటరీది కాదు, ఆ చోటిది. రెండు బ్యాటరీల మధ్య లింకు పట్టీ కాణ్ణించి ఎవరో 12 వోల్టులు లాగుతుండారు.

నీళ్ళ సంగతి చూడు. డైనమో ఇచ్చే 28 వోల్టుల్ని రెండు బ్యాటరీలు చెరి 14 పంచుకోవాల. ఎర్త్ వైపుది ఖాళీగా ఉంటే దాని మీద 13 పడతది, మిగతా 15 నిండుగా ఉండేదాని నెత్తిన పడతది. అందుకే సెల్ఫ్ వైపుది లోపల ఉడికి నీళ్ళు తాగుతోంది. దాన్ని మంచి బ్యాటరీ అనుకుంటుండావు, నాకు దాని మీదే ఎక్కువ దిగులు. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు కుంటితే రెండోదాని మెడ పుండవుద్ది, అట్టా ఉండాది దాని పని.

డ్యాష్‌బోర్డు మీటరు నిన్ను ఎందుకు మోసం చేసిందో కూడా ఇందులోనే ఉండాది. ఒకటి 12కి దిగినా రెండోది 12.8 ఉంటే మొత్తం 24.8. మీటరు బాగుందనే చెప్తది. సెల్ఫ్ రెండు మూడు వందల ఆంపియర్లు అడిగినప్పుడు ఖాళీ బ్యాటరీ కూలబడుద్ది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. సాయంత్రం బండి ఆపి, కటాఫ్ తిప్పి, తెల్లారి స్టార్ట్ చేయకముందు మల్టీమీటర్ని డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఒక్కో బ్యాటరీకి విడివిడిగా దాని ప్లస్ మైనస్ మధ్య చూడు. 12.6, 12.7 అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12 దగ్గరికొచ్చిందంటే పావే మిగిలింది. రెండిటి మధ్య తేడా పావు వోల్టు దాటితే నేను చెప్పింది నిజమైనట్టే.

తర్వాత కరెంటు కొలవాల. ఇది జాగ్రత్తగా చెయ్. చేతికి ఉంగరం, గొలుసు, ఇనప కడియం ఉంటే తీసెయ్. పానా ప్లస్‌కీ చాసిస్‌కీ ఒకేసారి తగిలితే చెయ్యి కాలతది. కొలిచేటప్పుడు కటాఫ్ ఆన్‌లో ఉండాల, లేకపోతే బండి లాగేది మీటరుకి కనపడదు. తాళం తీసేసి, తలుపులు మూసి, క్యాబిన్ లోపలి డోమ్ లైట్ బల్బు పీకి పక్కన పెట్టు. ఎర్త్ వైపు బ్యాటరీ మైనస్ క్లాంప్ (కేబుల్ చివరి పట్టు) పోస్టు (బ్యాటరీ సీసం కొస) మీంచి విప్పు. ముందు 24 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి తీసుకుని క్లాంప్‌కీ పోస్టుకీ మధ్య పెట్టు. బల్బు గట్టిగా వెలిగిందంటే యాడో పెద్ద లోడు ఉన్నట్టు, మీటరు పెట్టబాక, లోపల ఫ్యూజు పోద్ది. వెలగకపోతే మీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, క్లాంప్‌కీ పోస్టుకీ మధ్య పెట్టు.

పెట్టంగానే వచ్చే అంకె నమ్మబాక. క్లాంప్ మళ్ళీ కలిసేసరికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్ డబ్బా), జీపీఎస్ డబ్బా నిద్ర లేస్తాయి, అవి మళ్ళీ పడుకోడానికి అరగంట దాకా పడతది. అంతసేపు క్లాంప్‌కీ పోస్టుకీ మధ్య ఒక వైరు ముక్క కూడా తగిలించి ఉంచు, కరెంటు దాని గుండా పోతది, తర్వాత ఆ ముక్క తీసెయ్. మీటరు ఉండగా తాళం తిప్పావంటే మీటరు పోయినట్టే.

50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే దిగుల్లేదు. జీపీఎస్ డబ్బా ఉన్న బండికి 100 దాకా కూడా సరేలే అంటా. 100 అంటే రోజుకి 2.4 ఏహెచ్, నీ 130 బ్యాటరీ సగానికి రావాలన్నా నెలకి దగ్గర పడతది. మూడు నాలుగు రోజుల్లో దిగుతోందంటే నీ దాంట్లో పోయేది ఒక ఆంపియర్‌కి అటూ ఇటూ ఉంటది.

మీటరు ఎక్కువ చూపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకబాక. పీకి పెడితే ఆ లైను మీదుండే డబ్బాలు మళ్ళీ లేస్తాయి, లెక్క తప్పుద్ది. క్లాంప్ మళ్ళీ బిగించేసి అరగంట ఆగి, మీటర్ని మిల్లీవోల్ట్స్‌లో పెట్టి, ఫ్యూజు నెత్తిన కనపడే రెండు లోహపు చుక్కల మీద ఆనించు. సున్నా ఉంటే ఆ ఫ్యూజులో కరెంటు లేదు. సున్నా కాకుండా చిన్న అంకె చూపించినా ఆ లైనులో ఏదో పోతున్నట్టు.

ఇంకోటి. నీది రాయి బండి. గ్రానైట్ పొడి బ్యాటరీ నెత్తిన పేరుకుని, దానికి యాసిడ్ ఆవిరి, వాన తేమ తోడైతే ఆ పొరలోంచే కొద్ది కొద్దిగా కరెంటు కారతది. మీటరు నల్ల వైరు మైనస్ పోస్టు మీద పెట్టి, ఎర్ర వైరుని బ్యాటరీ నెత్తిన ప్లాస్టిక్ మీద జరుపుతా పో. ఒట్టి ప్లాస్టిక్ మీద వోల్టులు చూపిస్తే వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి తుడువు. మూతలు గట్టిగా బిగించు, ఆ నీళ్ళు లోపలికి చుక్క కూడా పోగూడదు.

చివరగా ఒక ప్రశ్న. నీ పాటల సెట్ 12 వోల్టులదా, 24దా?

కావలి తమ్ముడికి కూడా ఒక మాట. నీది 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే తాళం తీసిన వెంటనే కటాఫ్ తిప్పబాక. యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే యూరియా నీళ్ళు) పంపు పైపుల్లో మిగిలిందాన్ని ట్యాంకులోకి వెనక్కి లాక్కుంటది, దానికి కరెంటు కావాల. ఆ చప్పుడు ఆగిందాకా రెండు మూడు నిమిషాలు ఆగి అప్పుడు తిప్పు. లేకపోతే పైపుల్లో గడ్డకట్టి దాని ఖర్చు వేరే ఉంటది.

కావలి డ్రైవర్:

నాది బీఎస్-6ఏ అన్నా. తాళం తీసినాక కుయ్యిమని చప్పుడు వినపడతది, అదేనా? ఇంతకాలం అది ఆగకముందే తిప్పేస్తున్నా. రేపట్నుంచి ఆగుతా.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

అదే తమ్ముడూ.

చీమకుర్తి లారీ:

అన్నా, మీరు చెప్పినట్టే చేశా. పొద్దున డైనమో చల్లగా ఉంది. వోల్టులు చూస్తే ఎర్త్ వైపుది 11.9, సెల్ఫ్ వైపుది 12.8. మొత్తం 24.7. మీరు చెప్పిన తేడా అచ్చంగా కనపడింది.

కానీ కరెంటు దగ్గర చిక్కొచ్చింది. బల్బు వెలగలేదు. మీటరు పెట్టి అరగంట పైనే ఆగి చూస్తే 0.04. అంటే 40 మిల్లీ ఆంపియర్లు, మీ లెక్క ప్రకారం దిగుల్లేని అంకె. ఫ్యూజులు కూడా చూశా, ఒక్క జీపీఎస్ లైను తప్ప అన్నీ సున్నా. బ్యాటరీ నెత్తిన మురికి ఉంది కానీ వోల్టులు ఏమంత రాలేదు, అయినా సోడాతో కడిగా.

పాటల సెట్ 12దే, కానీ డ్యాష్‌బోర్డు వెనక 24 నుంచి 12 చేసే కన్వర్టర్ ఉంది, తాళం తిప్పితేనే వస్తది. లింకు పట్టీ నుంచి లాగలేదు. మరి ఆ ఒక్క బ్యాటరీ ఎట్టా దిగుతోందన్నా? మీటరు తప్పు చూపిస్తోందంటారా?

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

మీటరు తప్పు చూపించలా. క్లాంప్‌లోంచి ఎంత పోతోందో అదే చెప్పింది. క్లాంప్ గుండా పోనిది దానికి ఎట్టా తెలుస్తది?

కటాఫ్ తిప్పినా దిగుతోందన్నావు చూడు, దానికీ దీనికీ కారణం ఒకటే. పోయే కరెంటు నీ లావు కేబుల్‌లోకి రావట్లా, కటాఫ్ దాకా రావట్లా, చాసిస్‌ని కూడా తాకట్లా. బ్యాటరీ పోస్టు మీంచి పోయి పోస్టు మీదకే వస్తోంది. కాబట్టి సన్న వైర్లు రెండు ఉంటాయి. ఒకటి లింకు పట్టీ వైపు, ఒకటి ఎర్త్ మైనస్ దగ్గర. క్లాంప్ బోల్టుకి కట్టుంటే క్లాంప్‌తో పాటు లేచొచ్చేది, మీటరుకి దొరికేది. అట్టా దొరకలేదంటే నేరుగా సీసం పోస్టులోకే స్క్రూ దింపుంటారు. పాత బండ్లలో నేను చూసిన పనే ఇది.

రెండు పోస్టులూ గ్రీజు, తెల్ల పూత అంతా వేడినీళ్ళతో కడిగి, అద్దం పెట్టి వెనక వైపు కూడా చూడు. పైనుంచి చూస్తే కనపడదు. దొరికితే వెంటనే కోయబాక. ముందు ఆ సన్న వైరుకి మీటరు సీరీస్‌లో పెట్టి ఎంత పోతోందో రాసుకో. తర్వాత అది యాడికి పోయిందో చేత్తో పట్టుకుని చివరిదాకా పో.

గూడూరు సిలికా బండి:

అన్నా, డీసీ క్లాంప్ మీటరు ఉంటే ఈ విప్పుడు అవసరం లేకుండా వైరు చుట్టూ పెట్టి చూడొచ్చు కదా?

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

చూడొచ్చు. కానీ ఇళ్ళ కరెంటు పనోళ్ళ దగ్గరుండే క్లాంప్ మీటర్లలో చానా వాటికి ఏసీ కరెంటే తెలుస్తది, లారీ దగ్గర పెడితే సున్నా చూపిస్తాయి. డీసీ కొలిచేది అడిగి కొనాల. అదున్నా సరే, చుట్టూ పెట్టడానికి ముందు ఆ వైరు కంటికి కనపడాల గదా. ఈ తమ్ముడి బండిలో అదే కనపడట్లా.

చీమకుర్తి లారీ:

అన్నా, దొరికింది. ఫోటో ఎట్టా పెట్టాలో తెలీక రాస్తున్నా.

ఎర్త్ వైపు మైనస్ పోస్టు మీద తెల్ల పూత కడిగితే, బ్యాటరీ పెట్టె గోడ వైపు, క్లాంప్‌కి కింద, వేలి గోరంత స్క్రూ సీసంలోకి దింపి ఉంది. దానికి నల్ల వైరు. లింకు పట్టీ వైపు ఎర్ర వైరు ప్లస్ పోస్టుకి అట్టానే స్క్రూతో ఉంది. కొత్త బ్యాటరీ వేసినప్పుడు షాపులో కుర్రాడు పాతదాని మీదున్న వైర్లు చూసి అదే మాదిరి దీనికీ దింపినట్టున్నాడు, స్క్రూలు మెరుస్తున్నాయి.

మీటరు పెడితే 0.8 ఆంపియర్లు. తాళం నా జేబులో ఉండగా.

వైర్లు పట్టుకుని పోతే గాలి పైపులతో కలిపి ప్లాస్టిక్ ట్యాగులు వేసి చాసిస్ లోపలి వైపు నుంచి క్యాబిన్ కిందకి, ఫ్లోర్ రంధ్రంలోంచి పైకి, స్లీపర్ బెర్త్ కిందకి పోయాయి. బెర్త్ కింద ప్లైవుడ్ చెక్క కొట్టి ఉంటది, నేనెప్పుడూ విప్పలేదు. విప్పితే పెద్ద ఆంప్లిఫయర్. స్పీకర్ వైర్లు కోసేసి ఉన్నాయి, అంటే పాత ఓనరు స్పీకర్లు తీసుకెళ్ళి దీన్ని వదిలేశాడు. దాని మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది అన్నా, పక్కన చిన్న ఎర్ర లైటు వెలుగుతా ఉంది. చెక్క లోపల అన్నాళ్ళుగా అది వెలుగుతానే ఉంది. సెట్ ఆన్ చేసినప్పుడే లేవాల్సిన సన్న నీలం వైరుని ఎర్ర వైరుకే చుట్టి టేపు వేశారు.

ఇంకో సంగతి చెప్పాల. క్యాబిన్ కింద బ్రాకెట్ కాడ ఎర్ర వైరు ఇనుముకి ఒరుసుకుని పైన తొడుగు సగం దాకా అరిగి ఉంది. దారిలో యాడా ఫ్యూజు లేదు.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

తమ్ముడూ, ఆ చివరి ముక్క చదివి చానాసేపు ఏమీ రాయలేకపోయా. బ్యాటరీ దిగడం చిన్న సంగతి. ఆ తొడుగు ఇంకొంచెం అరిగి రాగి చాసిస్‌కి తగిలుంటే మధ్యలో ఫ్యూజు లేదు, కటాఫ్ తిప్పినా ఆగదు. 130 ఏహెచ్ బ్యాటరీ వందల ఆంపియర్లు ఆ సన్న వైరులోకి తోసేది. నువ్వు పడుకునే క్యాబిన్ కిందే, గాలి పైపుల పక్కనే అంటుకునేది. నువ్వు ఈ ప్రశ్న అడిగి మంచి పని చేశావు.

చదివే డ్రైవర్లందరికీ చెప్తుండా, బ్యాటరీ నుంచి ఏ వైరు తీసినా జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాల. లోడు దగ్గర పెట్టే ఫ్యూజు ఆ లోడుకి కాపలా, మధ్యలో వైరు ఒరుసుకుంటే దానికి తెలీదు. మనం కాపాడుకోవాల్సింది వైరుని.

ఆ రెండు వైర్లూ ముందు బ్యాటరీ దగ్గర విప్పి, తర్వాత మొత్తం లాగేసెయ్. మైనస్ ముందు విప్పు. స్క్రూ తీసిన కన్నాన్ని అట్టానే వదిలేయబాక. సీసం పోస్టు లోపల యాసిడ్ దాకా చీలిందేమో చూడు, పచ్చిగా తేమ ఊరుతుంటే షాపుకి చూపించు.

లెక్క కూడా సరిపోయింది చూడు. 0.8 అంటే రోజుకి 19 ఏహెచ్. మూడు రోజులు దాటితే 130లో సగం పోయినట్టే, నువ్వు పోర్టు కాడ ఆగే రోజులు అవే. రోజూ తిరిగినప్పుడు డైనమో ఎంతో కొంత పూడుస్తోంది కాబట్టి బయటపడలేదు.

ఇప్పుడు బ్యాటరీల సంగతి. రెండిటినీ డైనమోకి వదిలేస్తే ఎప్పటికీ సమానం కావు. సెల్ఫ్ వైపుది నిండంగానే వోల్టేజి పెంచి కూర్చుంటది, ఎర్త్ వైపుదానికి అందదు. పెట్టెలోంచి దించి, 12 వోల్టుల చార్జర్‌తో విడివిడిగా పెట్టు. 130దానికి 13 ఆంపియర్లు దాటగూడదు, రాత్రంతా నిదానంగా ఎక్కాల. గాలి ఆడే చోట పెట్టు, దగ్గర్లో బీడీ, అగరుబత్తి ఏదీ వద్దు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయినాక నింపు. ప్లేట్లు బయటికి తేలి ఉంటే మాత్రం ముందే అవి మునిగేవరకు పొయ్యి, ఎక్కువ పోస్తే చార్జింగ్‌లో పొంగుద్ది. తెల్లారి హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లులో గ్రావిటీ (యాసిడ్ చిక్కదనం) చూసి ఈడ రాయి. 1.240 పైన అన్నీ ఒకే రకంగా ఉంటే బ్యాటరీ బతికినట్టే. ఒక సెల్లు మిగతావాటి కంటే 50 పాయింట్లు (అంటే 0.050) తక్కువుంటే దాని మీద ఆశ పెట్టుకోబాక.

కొందరు పెద్దోళ్ళు నెలకోసారి రెండు బ్యాటరీల్నీ అటూ ఇటూ మార్చి వాడుకోమంటారు. అట్టా చేస్తే దిగేది వంతులవారీగా దిగుద్ది, కారే చోటు మాత్రం కారతానే ఉంటది. నువ్వు అట్టా చేసుంటే ఆ వైరు ఇంకా కొన్నాళ్ళు దొరికేది కాదు.

చీమకుర్తి లారీ:

అన్నా, వైర్లు లాగేశా. ఆంప్లిఫయర్ ఊడపీకా. ఒంగోలులోనే వేరే షాపులో రెండూ విడివిడిగా చార్జింగ్ పెట్టించి హైడ్రోమీటర్‌తో నా కళ్ళ ముందే చూపించమన్నా.

నేను అనుకున్నదానికి తిరగబడింది. ఎర్త్ వైపుది, అందరం తిట్టుకున్నది, ఆరు సెల్లుల్లో 1.240కి కాస్త అటూ ఇటూ అన్నీ ఒకే తీరు. సెల్ఫ్ వైపుది, నేను నిండు బ్యాటరీ అనుకున్నది, ఐదు సెల్లులు బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం 1.160. ఆ సెల్లులో నీళ్ళు పీల్చి చూస్తే గోధుమ రంగు మడ్డి వచ్చింది.

మీరు మొదటి రోజే దాని మీద దిగులన్నారు. ఇప్పుడు ఏం చేయాలి? దానొక్కదాన్ని కొత్తది వేయించొచ్చా, రెండూ మార్చాలా? రెండంటే ఇరవై వేలు దాటుద్ది.

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

ఆ గోధుమ మడ్డి ప్లస్ ప్లేట్ల మీంచి రాలిన పొడి. ఎక్కువ చార్జింగ్‌లో ఉడికి రాలింది. అది మళ్ళీ బాగవదు.

మామూలుగా అయితే జత మార్చమంటా, ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ఒకే నెలలో తయారైనవి. ముసలిదాన్నీ పడుచుదాన్నీ సీరీస్‌లో కడితే మళ్ళీ ఇదే తేడా మొదలవుద్ది. కానీ నీ ఎర్త్ వైపుది వేసి ఎక్కువ కాలం కాలా, గ్రావిటీ బాగా ఎక్కింది. కాబట్టి అదే కంపెనీ, అదే 130 ఏహెచ్ కొత్తది ఒకటి సెల్ఫ్ వైపు వేయించు. ఎక్కించే ముందు రెండిటినీ విడివిడిగా నిండా చార్జ్ చేయించు, ఇది మరవబాక. పాత బ్యాటరీ షాపులో ఇచ్చేస్తే తుక్కు ధర తగ్గిస్తారు, అడుగు.

ఎక్కించినాక వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, తెల్లారి స్టార్ట్ చేయకముందు రెండిటి వోల్టులూ విడివిడిగా చూడు. తేడా ఒక పాయింట్ (0.1 వోల్టు) లోపు ఉంటే నీ పని అయినట్టే. అంతకంటే ఎక్కువుంటే ఈడకి రా, మళ్ళీ చూద్దాం.

చీమకుర్తి లారీ:

అట్టానే చేస్తా అన్నా. ఇంకొక్కటి. ఆంప్లిఫయర్ బాగానే ఉంది, పారేయబుద్ధి కావట్లేదు. రాత్రి బండి తోలేటప్పుడు పాటలు లేకపోతే నిద్ర ఆగదు. దాన్ని సరైన పద్ధతిలో కట్టుకోవచ్చా?

నెల్లూరు ఎలక్ట్రీషియన్:

కట్టుకో, తప్పేముంది. దాని పక్కన ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉండాదో చూసి, అంత ఇవ్వగలిగిన 24 నుంచి 12 కన్వర్టర్ కొను. డ్యాష్‌బోర్డు వెనకుండే చిన్నది దీనికి చాలదు. కన్వర్టర్‌కి ప్లస్ కటాఫ్ తర్వాత నుంచి తీసుకో, మొదట్లోనే ఫ్యూజు పెట్టు, మధ్యలో తాళంతో పని చేసే రిలే (కరెంటుతో కలిసే స్విచ్) వెయ్యి. నీలం వైరుని పాటల సెట్ వెనకుండే నీలం వైరుకే కలుపు. వైరు ఇనుము దాటే ప్రతి చోటా రబ్బరు గొట్టం తొడుగు. బెర్త్ కింద చెక్కలో మూసేయబాక, గాలి ఆడేట్టు బయట బిగించు.

నెల్లూరు వైపు కిరాయి వచ్చినప్పుడు ఆటోనగర్‌కి రా, రిలే నేనే వేసిస్తా.